జేబులో గుమాస్తా

జూన్ 3

అక్కా,

మొన్న ఫోన్లో నువ్వు మాట్లాడుతుంటే నేను మాట్లాడాను, నేను మాట్లాడుతుంటే నువ్వు మాట్లాడావు. చివరికి ఇద్దరికీ కోపం వచ్చి పెట్టేశాం. ఎందుకు కోపం వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. బావ మధ్యలో ఫోను లాక్కుని, "మీరిద్దరూ ఉత్తరాలు రాసుకోండి, అందులో ఒకళ్ళ మాటకి ఒకళ్ళు అడ్డం రావడానికి ఉండదు" అన్నాడు. మీ పెళ్ళయినప్పట్నుంచీ ఆయన అన్న మాటల్లో నాకు నచ్చింది ఇదొక్కటే. కాబట్టి రాస్తున్నాను. అడ్డం రాకుండా చదువు.

నీ పుట్టినరోజు మర్చిపోయిన మాట నిజమే. నా సంగతి నీకు తెలియంది కాదు. నాలుగు కళ్ళజోళ్ళ షాపులకి వంతులవారీగా వెళ్ళి, జనం కళ్ళు పరీక్షించి అద్దాల నంబర్లు రాసిచ్చే మనిషిని. మంగళవారం వెళ్ళాల్సిన షాపుకి అది మూసి ఉండే బుధవారం వెళ్ళి, ఇంకా షట్టర్ తియ్యలేదేమని యజమానికి ఫోన్ చేసి చివాట్లు పెట్టిన మనిషిని కూడా నేనే. ఎవరు ఎప్పుడు వస్తారో చీటీల మీద రాసి చొక్కా జేబులో పెట్టుకునేవాణ్ణి. మీ మరదలు చొక్కా ఉతికినప్పుడల్లా ఓ వారం జనం నీళ్ళలో కలిసిపోయేవాళ్ళు.

ఇప్పుడా బాధ తీరింది. ఒక ప్రోగ్రామ్ దొరికింది. వేలెడంత పెన్ డ్రైవ్‌లో ఉంటుంది. అడ్రసులు, ఫోన్ నంబర్లు, ఏ రోజు ఏం పని, దారిలో గుర్తొచ్చిన ముక్కలు, అన్నీ అందులోనే. ఏ షాపుకి వెళితే ఆ షాపు కంప్యూటర్‌కి గుచ్చుతాను, తెరుచుకుంటుంది. పనయ్యాక పీకి జేబులో వేసుకుంటాను. ఆ కంప్యూటర్లో నా జాడ కూడా మిగలదు. తమ కంప్యూటర్లో పరాయివాడు ఏదైనా ఎక్కిస్తే షాపుల వాళ్ళకి ఒళ్ళు మంట. దీన్ని ఎక్కించక్కర్లేదు. ఇంటర్నెట్ అడగదు, ఖాతా తెరవమనదు. దీని అసలు పేరు నాకు నోరు తిరగదు కాబట్టి 'జేబులో గుమాస్తా' అని పేరు పెట్టుకున్నాను.

దీన్ని తయారుచేసినాయన ఒక్కడేనట. మీకెందుకు నచ్చిందో రాసి పంపండి, మా పేజీలో వేస్తాను అని వాడేవాళ్ళందర్నీ అడిగాడు. నేనొక్కణ్ణే రాస్తే ఏం బావుంటుందని, తెలిసిన నలుగురినీ అడిగి పోగుచేస్తున్నాను. నాకు వేరే పని లేదని నువ్వంటావు. మీ మరదలు ఇప్పటికే అంది.

నీ పళ్ళ సంగతులు రాయి.

పుట్టినరోజు శుభాకాంక్షలతో, ఆలస్యంగా,
నీ తమ్ముడు


జూన్ 14

ఒరే పరధ్యానం,

నీ ఉత్తరం అందింది. రాత చీమలబారులా ఉంది. మీ బావ చదివి వినిపించాడు. తనని మెచ్చుకున్న చోట రెండుసార్లు చదివాడు. అది మెచ్చుకోలు కాదని నేను చెప్పలేదు.

స్కెచ్ పెన్నుతో రాస్తున్నానని నవ్వకు. ఈమధ్య పెన్నులన్నీ ఇంకు పలచగా దిగుతున్నాయి, ఏం రాశామో మనకే తెలియడం లేదు. ఇదైతే కాస్త నల్లగా పడుతుంది.

నా పళ్ళ సంగతులు అడిగావు కదా, ఏమీ బాగాలేవు. నోట్లోవి బానే ఉన్నాయి, ల్యాబులోవే. పళ్ళ డాక్టర్లు కొలతలు పంపితే మేం కట్టుడు పళ్ళు చేసి పంపుతామా, పక్కన ఉన్న సొంత పళ్ళకి మన పన్ను రంగు కలవాలి. ఒక పలకకి రకరకాల రంగుల పళ్ళు గుచ్చి ఉంటాయి, దాన్ని చూసి ఎంచుతాం. ఈ పని నేను నిద్రలో కూడా చెయ్యగలనని నీకు తెలుసు. మొన్న రెండు సెట్లు తిరిగొచ్చాయి. రంగు కలవలేదట. ఒక డాక్టరైతే, "ఈ పన్ను ఒక్కటే వేరే ఇంటి నుంచి వచ్చినట్టుంది" అని చీటీ పెట్టాడు.

ట్యూబులైట్ల వల్లే ఇదంతా. మా యజమాని కొత్తవి వేయించాడు, వాటి కింద అన్ని రంగులూ ఒకేలా కనిపిస్తున్నాయి. చెబితే వినడు. ఇంకొకటి తిరిగొస్తే నన్ను ప్లాస్టర్ కలిపే గదికి మారుస్తానన్నాడు. కిటికీ పక్క బల్ల నాది. నేను వచ్చేనాటికి ఈ యజమాని నిక్కర్లేసుకుని వాళ్ళ నాన్న వెనకాల తిరుగుతుండేవాడు. ఆ బల్ల దగ్గర్నుంచి లేపితే నేనిక ఎందుకూ కొరగానిదాన్నే.

అది సరే, నీ గుమాస్తాలో ఎవరెవరున్నారు? నేనున్నానా?

అక్క


జూన్ 22

అక్కా,

నా ఉత్తరాలు మీ ఇంట్లో పైకి చదువుకుంటున్నారని తెలిసి గర్వంగా ఉంది. బడిలో వ్యాసరచనకి బహుమతి రాలేదని ఇన్నాళ్ళూ ఏడ్చాను. ఇకమీదట వినసొంపుగా రాస్తాను. బావని కామాల దగ్గర ఆగమని చెప్పు.

యజమాని మీద కోపం వద్దు. తప్పు దీపానిదే. ఈ విషయంలో నా మాట నమ్ము, కళ్ళు, వెలుతురు నా వృత్తి. పార్శిల్లో ఒక బల్లదీపం పంపుతున్నాను. పగటి వెలుతురు లాంటి వెలుతురిస్తుంది. బల్లకి ఎడమవైపు పెట్టుకో. నీ కష్టం అంతటితో సరి.

గుమాస్తాలో ఎవరున్నారని అడిగావు. నాలుగు షాపుల వాళ్ళున్నారు, నేను కళ్ళు చూసిన ప్రతి మనిషీ ఉన్నాడు. రెండేళ్ళయితే ఫలానావాళ్ళని మళ్ళీ పరీక్షకి పిలవమని అదే గుర్తుచేస్తుంది. కుళాయిలు బాగుచేసే ఆయన ఉన్నాడు. మీ మరదలి తరఫు పిన్నిగార్లు పుట్టినరోజులతో సహా ఉన్నారు. నువ్వు లేవు. నిన్ను గుర్తుచెయ్యడానికి నాకు గుమాస్తా కావాలా? పుట్టినరోజు సంగతి వదిలెయ్యి, అది తేదీ. నువ్వు మనిషివి.

మొన్న పెద్ద గండం గడిచింది. కొత్త కళ్ళజోడు తీసుకున్నాయనకి పెట్టె ఇచ్చి పంపాను. సాయంత్రం గుమాస్తా కోసం జేబు తడుముకుంటే అందులో ఆయన కళ్ళజోడు ఉంది. గుమాస్తా ఆయన పెట్టెలో ఊరికి వెళ్ళిపోయింది. మామూలుగా అయితే కొంపలు మునిగేవి. కానీ దానికి పాస్‌వర్డ్ ఉంది, వేరేవాళ్ళు గుచ్చినా తెరుచుకోదు. ఆ ఫోల్డర్ మొత్తం ఇంట్లో కాపీ కూడా పెట్టుకున్నాను. మర్నాడు ఆయనే తెచ్చిచ్చి, "దీన్ని కళ్ళకి ఎలా పెట్టుకోవాలో అర్థం కాలేదండీ" అన్నాడు. దాన్ని మెచ్చుకోవడానికి ఇంకో కారణం దొరికింది, నన్ను తిట్టడానికి షాపు యజమానికీ దొరికింది.

వినసొంపుగా,
నీ తమ్ముడు


జూలై 9

ఒరే తమ్ముడూ,

'నువ్వు లేవు' అన్న మాట దగ్గర మీ బావ ఆగిపోయాడు. కామా లేదు, ఏమీ లేదు. చదవనా మాననా అన్నట్టు నా వైపు చూశాడు. కుళాయిలు బాగుచేసేవాడు ఉన్నాడు, నేను లేను. కంచం ముందు నుంచి లేచిపోయాను. ఆయన వెనకే వచ్చి మిగతా రెండు వాక్యాలూ వంటింటి గుమ్మంలో నిలబడి చదివాడు. అప్పుడు కూర్చుని తిన్నాను. ఇలాంటివి రాసేటప్పుడు మంచి ముక్క ముందు రాయి, చెడ్డది తరవాత రాయి. వినేవాళ్ళ ప్రాణం కూడా చూడాలి.

దీపం వచ్చింది. ఖరీదైనదే పంపావు. కానీ అది వెలిగిస్తే వెలుతురు చుట్టూ పొగ పట్టినట్టు ఉంటోంది. ఇంకా అయోమయంగా ఉందని ఆపేశాను. యజమాని చూసి, "మీ తమ్ముడు కళ్ళవాడు కదా, ఆయన పంపిన దీపంతో కూడా రంగు కలవకపోతే ఎలా" అన్నాడు. ఇప్పుడు పళ్ళు పట్టుకుని బల్ల దగ్గర్నుంచి వరండాలోకి, వరండాలోంచి బల్ల దగ్గరికి తిరుగుతున్నాను. నేను కాళ్ళు సాగదీసుకోవడానికి వెళుతున్నానని అనుకుంటున్నారు.

నాకూ ఒక గుమాస్తాని పంపు. ఏ డాక్టరు ఏ రంగు అడిగాడో చీటీల మీద రాస్తే ఆ చీటీలు నాకే అర్థం కావడం లేదు. లెక్కలు రాసే అమ్మాయి తన కంప్యూటర్ వాడుకోమంది, దాంట్లో ఏమీ ఎక్కించకూడదనే షరతు మీద. నీ గుమాస్తా ఆ షరతుకి సరిపోతుంది కదా.

నా కళ్ళజోడు కూడా పాతబడింది. ఈసారి వచ్చినప్పుడు కళ్ళు పరీక్షించే నీ అద్దాల పెట్టె తెస్తానన్నావు. అదెన్నోసారో గుర్తులేదు. తొందరేం లేదులే.

అక్క


జూలై 18

అక్కా,

మంచి ముక్క ముందు: గుమాస్తా వస్తోంది. చెడ్డ ముక్క తరవాత: దాంతో పాటు నేను రాసిన సూచనల కాగితం కూడా వస్తోంది.

మెడలో వేసుకోవడానికి తాడు కట్టాను. పాస్‌వర్డ్ నీ ఇష్టం, మన కుక్క పేరు మాత్రం పెట్టకు, అది నాది. వెతకాలంటే పైన ఉన్న గడిలో రెండక్షరాలు కొడితే చాలు, అదే పట్టుకుంటుంది. అక్షరాల సైజూ, రంగులూ కూడా మార్చుకోవచ్చు, నేనెప్పుడూ ముట్టుకోలేదు.

నాలుగు రోజులు వాడి, ఎందుకు నచ్చిందో ఒక్క మాట రాయి. కారణాలు బాగానే పోగయ్యాయి. రెండో షాపులో అమ్మాయి వాళ్ళత్తగారి మందుల వేళలు అందులో పెట్టుకుందట, ఆఫీసులో తెరిచినా ఇంట్లో తెరిచినా ఒకటే ఉంటుంది కాబట్టి నచ్చింది అంది. ఇళ్ళకి వెళ్ళి పాఠాలు చెప్పే మాస్టారు, ఇంటర్నెట్ లేని ఇంట్లో కూడా పనిచేస్తుంది, అది చాలు అన్నాడు. బీమా ఏజెంటు, నా కస్టమర్ల పేర్లు నా జేబులోనే ఉంటాయి, ఎక్కడో ఎవరి దగ్గరో ఉండవు అన్నాడు. కుళాయిలాయన, నాకు అది లేదు కానీ మీకు నచ్చింది కాబట్టి నాకూ నచ్చింది అన్నాడు. ఆయనది కూడా రాసుకున్నాను.

నాది మాత్రం ఎనిమిది పేరాలు వచ్చింది. పేజీలో మొదట నాదే వేస్తాడని అనుకుంటున్నాను. పేరు కింద 'నేత్ర నిపుణుడు' అని వెయ్యమనాలా, వద్దా? నిపుణుడు అంటే మరీ ఎక్కువేమో.

దీపం ఎడమవైపు పెట్టావా, కుడివైపు పెట్టావా? పొగలా ఉందంటే బల్బు లోపం. మార్పిస్తాను.

నీ నేత్ర నిపుణుడు (పరిశీలనలో ఉంది)


ఆగస్టు 2

ఒరే నిపుణుడూ,

గుమాస్తా బావుంది. మొదటిరోజు దాన్ని తలకిందులుగా గుచ్చబోయి లెక్కల అమ్మాయి చేత కేకలు తిన్నాను. ఇప్పుడు నేనే గుచ్చుతున్నాను, నేనే పీకుతున్నాను. మెడలో వేసుకుని తిరుగుతుంటే మీ బావ, "ఏ ఆఫీసుకి ఆఫీసరమ్మా" అంటున్నాడు.

ఎందుకు నచ్చిందో రాయమన్నావు. దాచడం దేనికి? జేబులో పట్టడం, జాడ మిగలకపోవడం ఇవన్నీ నీకు గొప్ప. నాకు నచ్చింది ఒక్కటే, అందులో అక్షరాలు పెరుగుతాయి. ఒక గుర్తు ఉంది, దాని మీద నొక్కే కొద్దీ పెరుగుతూనే ఉంటాయి. నేను ఎంత పెద్దవి చేశానంటే తెర మీద ఒకసారికి రెండు మాటలే పడతాయి. ఒక డాక్టరు పేరు చదవాలంటే పక్కకి జరపాలి. లెక్కల అమ్మాయి, "అత్తయ్యగారూ, బయట బస్సులో వాళ్ళు కూడా చదువుకుంటారు" అని నవ్వింది. నవ్వనీ. కాగితం మీద ఏదీ నా మాట వినడం లేదు. ఇదొక్కటే, నాకెంత కావాలో అంత పెద్దగా అవుతుంది. చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది.

ఇది రాస్తావో లేదో నీ ఇష్టం. నీ ఎనిమిది పేరాల పక్కన ఇదేం ఆనుతుంది.

అక్క


ఆగస్టు 9

అక్కా,

కూర్చుని విను. నీ మాట పేజీలో అన్నిటికంటే పైన వేశాడు.

నేను అన్నీ కలిపి పంపాను. ఆయన జవాబిచ్చాడు, "మీ అక్కగారి మాట అన్నిటికంటే బావుంది, ఈ ప్రోగ్రామ్ రాసినందుకు మొదటిసారి సంతోషంగా ఉంది" అని. 'పళ్ళు తయారుచేసే ఒక అక్కయ్య' అని వేసి, కింద నీ మాట మొత్తం పెట్టాడు. రెండు మాటలే పడతాయన్నది కూడా. నా ఎనిమిది పేరాల్లోంచి ఒక్క వాక్యం తీసుకున్నాడు, అది కూడా అడుగున, బీమా ఏజెంటు కింద. పేరు దగ్గర 'ఒక వాడుకరి' అని ఉంది. నిపుణుడి గొడవ ఆయనే తీర్చేశాడు.

అసూయ పడలేదని చెప్పను. రెండు రోజులు మీ మరదలితో కూడా ముక్తసరిగా మాట్లాడాను. తరవాత షాపులో వచ్చిన వాళ్ళందరికీ చూపించాను, మా అక్క మాట చూడండి అని.

గర్వంతో,
ఒక వాడుకరి


ఆగస్టు 20

అక్కా,

నీ జవాబు రాకముందే రాస్తున్నాను. ఇది బావ చదువుతుంటే, చివరిదాకా ఆపకుండా చదవమను.

నిన్న షాపుకి ఒకావిడ వచ్చింది. గోడమీద అక్షరాల బోర్డులో పై వరస తప్ప చదవలేకపోయింది. "అక్షరాలు కాస్త పెద్దవైతే నాకు బ్రహ్మాండంగా కనపడతాయి బాబూ, ఈ ట్యూబులైట్లే మంచివి కావు" అంది. నేను నవ్వి, రోజూ చెప్పే మాటే చెప్పాను. "ట్యూబులైట్ల తప్పు కాదమ్మా, మీ కళ్ళలో శుక్లాలు వచ్చాయి" అన్నాను. అన్నాక ఆ మాట నాకు వినపడింది.

ఆవిణ్ణి కుర్చీలో అలాగే వదిలేసి వెనకగదిలోకి వెళ్ళాను. నీ ఉత్తరాలన్నీ సంచిలోనే ఉన్నాయి. వరసగా చదివాను. ఇంకు పలచగా ఉందన్నావు. రంగులన్నీ ఒకేలా ఉన్నాయన్నావు. దీపం చుట్టూ పొగ పట్టిందన్నావు. చీటీలు అర్థం కావడం లేదన్నావు. బావ చేత చదివించుకున్నావు, నేను దాన్ని నా వ్యాసరచనకి బహుమతి అనుకున్నాను. ఇవే మాటలు ఏ ముక్కూ మొహం తెలియని మనిషి అని ఉంటే రెండో మాటకే టార్చి తీసేవాణ్ణి. నువ్వు అన్నావు కాబట్టి దీపం కొని పంపాను.

ఇంకోటి చెప్పాలి. రెండేళ్ళకోసారి అందర్నీ పరీక్షకి పిలవమని గుమాస్తా చెబుతుందన్నాను కదా, అందులో లేని మనిషివి నువ్వొక్కదానివే. నువ్వు నాకు గుర్తుంటావని గొప్పలు పోయాను. గుర్తున్నావు, నిజమే. కానీ నీ కళ్ళు నాకు గుర్తులేవు. అద్దాల పెట్టె తెస్తానని ఎన్నిసార్లు అన్నానో తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

భయపడకు. శుక్లాలే అయితే చిన్న ఆపరేషన్, చూపు మళ్ళీ వస్తుంది. వచ్చే శనివారం వస్తున్నాను.

తమ్ముడు


ఆగస్టు 25

నా చేత్తో రాస్తున్నాను, ఎలా ఉన్నా చదువుకో.

నువ్వు రావద్దు.

నాకు తెలియదనుకున్నావా? పలకలో పళ్ళు ఒకదాని నుంచి ఒకటి విడిగా కనపడని రోజునే తెలిసింది. ట్యూబులైటు అని నాకు నేను చెప్పుకున్నాను. నువ్వూ ట్యూబులైటే అన్నావు కాబట్టి నమ్మాను. కళ్ళవాడు అన్నాడు కదా అని రెండు నెలలు హాయిగా నమ్మాను.

నీ పేజీ లెక్కల అమ్మాయి తెరిచింది. ఆ గుమాస్తాలోనే దాని దారి ఉందట. భోజనాలప్పుడు అందరికీ చదివి వినిపించింది, పాపం మెచ్చుకుంటూనే. యజమాని తలుపు దగ్గర నిలబడి విన్నాడు. పళ్ళు తయారుచేసే అక్కయ్య, తెర మీద రెండు మాటలే. ఆయనేమీ మూర్ఖుడు కాడు. మర్నాడు పిలిచి, "కొన్నాళ్ళు ప్లాస్టర్ గదిలో ఉండండి, తాత్కాలికంగానే" అన్నాడు. తాత్కాలికం అంటే ఏమిటో నాకు తెలుసు. నా బల్ల మీద ఇంకొకడు కూర్చున్నాడు.

నా కళ్ళ సంగతి నీ ప్రచారానికి పనికొచ్చింది. నాకే పనికి రాలేదు.


ఆగస్టు 29

అక్కా,

నువ్వన్నదాంట్లో తప్పు ఒక్క అక్షరం లేదు. పేజీలోంచి నీ మాట తీసెయ్యమని అడిగాను, తీసేశాడు. అది నీ బల్లని తిరిగి ఇవ్వదని నాకు తెలుసు. నీ అవస్థని కాగితం మీద చూసి 'ఎంత బాగా రాసింది' అనుకున్న వెధవని నేను.

రావద్దన్నావు. వస్తున్నాను. ముందు ఫోన్ చెయ్యను, చేస్తే పోట్లాడుకుంటాం. తలుపు తియ్యకపోతే మెట్ల మీద కూర్చుంటాను. బావ ఎలాగూ పాలకి బయటికి రావాలి.

తమ్ముడు


అక్టోబరు 11

ఒరే తమ్ముడూ,

ఇది నేనే రాస్తున్నాను, మామూలు పెన్నుతో. ఇంకు పలచగా లేదు.

కుడికంటికి కూడా కట్టు తీసేశారు. రెండోదానికి నువ్వు లేవని బాధపడకు, మొదటిదానికి నువ్వు చేసిన హడావుడి రెండు కళ్ళకీ సరిపోయింది. అద్దాల పెట్టె ఇంత దూరం మోసుకొచ్చి టార్చి మర్చిపోయిన మనిషిని ఎక్కడా చూడలేదు. మీ బావ సైకిలు లైటు ఊడదీసి ఇస్తే దాంతో నా కళ్ళలోకి చూశావు. చూసి ఏడ్చావు. ఏడిస్తే నీకేం కనపడుతుందిరా అంటే అప్పుడు తుడుచుకున్నావు. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ, "ఇంత ముదిరేదాకా ఎవరూ చూడలేదా" అని అడిగినప్పుడు నువ్వు గోడ వైపు తిరిగావు. నేను ఎవరూ లేరండీ అనబోయి ఊరుకున్నాను. కళ్ళు చూసే తమ్ముడు పక్కనే ఉన్నాడు కదా.

ఎడమకంటి కట్టు విప్పగానే మొదట కనపడింది నీ మొహం. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఎప్పుడురా ఇంత పెద్దవాడివయ్యావు. కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. తరవాత అద్దంలో నన్ను చూసుకుని నీ గురించి బాధపడటం మానేశాను.

కోపం పోయిందా అని మీ ఆవిడ చేత అడిగించావు. పోయింది. ఎప్పుడు పోయిందో కూడా చెబుతాను. తిరిగొచ్చిన సెట్లు యజమాని బీరువాలోనే పెట్టాడు. నిన్న అడిగి తీయించుకుని చూశాను. నిజంగానే వేరే ఇంటి నుంచి వచ్చినట్టున్నాయి. అలాంటి పన్ను పెట్టుకుని ఒక మనిషి నవ్వాలని నేను పంపాను. ఇన్నాళ్ళూ ఆ డాక్టర్లని తిట్టుకున్నాను. నీకు నా కళ్ళు కనపడలేదు, నాకు నా పళ్ళు కనపడలేదు. మనిద్దరికీ సరిపోయింది.

యజమాని ఒక్క సెట్టు చేసి చూపించమన్నాడు. అది డాక్టరు దగ్గర సరిపోతే బల్ల నాది. లేకపోతే ప్లాస్టర్ గది, ఈసారి తాత్కాలికం అనడు. సోమవారం కూర్చుంటున్నాను. రంగుల పలక అప్పుడే తుడిచి పెట్టుకున్నాను.

అక్క


అక్టోబరు 19

అక్కా,

ఉత్తరం మీ మరదలికి చదివి వినిపించాను. కనుబొమల దగ్గర కామా లేకపోయినా ఆగాను.

గుమాస్తాలో నీ పేరు ఎక్కించాను. పేరు గడిలో 'అక్క' అని కొట్టాను. వృత్తి, పుట్టినరోజు, మళ్ళీ కళ్ళు చూడాల్సిన తేదీ, అన్నీ నింపాను. దాని కింద 'ముఖ్యం' అని ఒక గడి ఉంది, ఇన్నాళ్ళూ దాన్ని కుళాయిలాయనకి వాడాను. ఇప్పుడు ఆయనకి తీసేసి నీకు పెట్టాను. ఆయనతో చెప్పకు, నొచ్చుకుంటాడు.

ప్రోగ్రామాయన మళ్ళీ అడిగాడు, ఇప్పుడు మీకు ఎందుకు నచ్చిందో మార్చి రాస్తారా అని. రాయనన్నాను. నాకు నచ్చిన కారణం పేజీలో వేసేది కాదు. నేను మర్చిపోయే మనిషినని అది ఒప్పుకుంటుంది. నేను ఒప్పుకోలేదు.

సెట్టు సంగతి రాయి. సోమవారం నుంచి ఎవరి కళ్ళు చూస్తున్నా నాకు పళ్ళే కనపడుతున్నాయి. ఒకాయన్ని "నోరు తెరవండి" అన్నాను. తెరిచాడు పాపం.

తమ్ముడు


నవంబరు 4

ఒరే తమ్ముడూ,

సెట్టు తిరిగొచ్చింది.

ఆగు, చివరిదాకా చదువు.

మైనంలో పళ్ళు గుచ్చి ముందు ట్రయలుకి పంపుతాం, అది కుదిరితే గట్టి సెట్టు చేస్తాం. నేను చేసింది ఒక రిటైరైన కండక్టరుగారిది. కింద సొంత పళ్ళున్నాయి, పైవి మనవి. రంగు ఎంచడానికి వరండాలోకి వెళ్ళలేదు, కుర్చీలోంచి లేవలేదు. అన్నీ తిన్నగా, బళ్ళో పిల్లల్లా వరసగా నిలబెట్టి పంపాను. నిన్న మధ్యాహ్నం ఆ డబ్బా నా బల్ల మీద మళ్ళీ ఉంది. ల్యాబులో అందరూ తమ తమ పనుల్లోకి తలలు దించేసుకున్నారు. యజమాని గది తలుపు తెరిచే ఉంది. డబ్బా మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను కానీ తెరవలేదు. ప్లాస్టర్ గదిలో పనికి వేసుకునే నా గౌను ఇంకా మేకుకే వేలాడుతోందని గుర్తొచ్చింది. చివరికి లెక్కల అమ్మాయి వచ్చి, "నేను చదవనా అత్తయ్యగారూ" అంది. వద్దమ్మా, నాకు కనపడుతుంది అన్నాను.

లోపల డాక్టరుగారి చీటీ ఉంది. "రంగు సరిపోయింది, కొరుకుడు సరిపోయింది. కానీ పేషెంటు అద్దంలో చూసుకుని ఇది నా మొహం కాదంటున్నాడు. ఆయన ముందు పన్ను చిన్నప్పట్నుంచీ కొంచెం పక్కకి తిరిగి ఉండేదట, వాళ్ళావిడ కూడా అదే కావాలంటోంది. కొంచెం వంకర చేసి పంపగలరా" అని రాశాడు. దాంతో పాటు ఒక పాత ఫొటో పెట్టాడు. కండక్టరుగారు టికెట్ల సంచి భుజాన వేసుకుని నవ్వుతున్నారు. ఫొటో బొటనవేలంత ఉంది. అందులో ఆయన మొహం, ఆ మొహంలో పన్ను.

యజమాని వచ్చి నా వెనక నిలబడ్డాడు. నేను కత్తి వేడిచేసి, మైనం కరిగించి, ఆ పన్నుని పక్కకి తిప్పాను. ఎంత తిప్పాలో నాకు కనపడింది.

అక్క